సంకేత లిపి

మాంటెవిడియోలో, పాలరాతి సభలో,
ఐదు నిమిషాలకొకరం చేతులు మారేవాళ్లం.
ఇరవై తొమ్మిదేళ్లు నేను మాటలు పట్టాను.
చేపలు పట్టినట్టు కాదు,
చూరు కింద గిన్నె పెట్టినట్టు.
ఏది పడితే అది.

సంకేత లిపిలో
అబద్ధానికి వేరే గీత లేదు.
దొంగ అన్న మాటకి ఒక కొక్కెం, ఒక చుక్క.
అర సెకను పని.

ఆ గురువారం నా వంతు నాలుగూ పదికి వచ్చింది.
సెనేటర్ ఒలాసాబల్ లేచాడు.
కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా,
పైసాందూలో నలభై రెండో నంబరు బడి వంటమనిషి
పాలపొడి బస్తాలు పదకొండు అమ్ముకుందన్నాడు.
పేరు చెప్పాడు. ఇర్మా బెంతాన్‌కోర్.
పసిపిల్లల నోటికాడి పాలు, అన్నాడు.
బల్లలు చరిచారు.
చరిచిన సంగతి కూడా బ్రాకెట్లో రాశాను,
అదీ నా ఉద్యోగమే.

ముప్పై లీటర్ల భాండాలు ఒంటిచేత్తో దించే మనిషి,
ఒక అభాండం ఎంత బరువులే అనుకున్నారేమో.

ఆర్నెల్లకి తేలింది.
బస్తాలు అసలు గోదాము గడపే దాటలేదు.
పేపర్లో ఏడో పేజీ, టైర్ల ప్రకటన కింద, రెండు లైన్లు.
ఈలోగా గరిట ఇంకెవరి చేతికో పోయింది.
రొట్టెల కొట్టువాడు ఆమె ఇచ్చిన చిల్లర
రెండుసార్లు లెక్కపెట్టేవాడట.
చిన్నకొడుకుని బడిలో పాలపొడి అని పిలిచేవారట.

ఐదు గంటలు బస్సులో కూర్చుని వచ్చింది,
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర.
"నా పేరు ఎలా రాశారో చూడాలి."
నూట పద్దెనిమిదో పేజీ తీసిచ్చాను.
వేలు పెట్టి చదివింది. ఆగింది.
"ఇందులో ఒక 'న్' లేదు.
అయితే ఈ దొంగ నేను కాదన్నమాట."
నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తర్వాత అడిగింది,
ఇదే మాట నేను ఆయన్ని సంతలో అంటే?
కోర్టుకి లాగుతారు.
ఆయన ఇక్కడ అంటే?
ఈ గోడల మధ్య మాటకి సంకెళ్లు ఉండవు, అన్నాను.
ఎందుకుండవు?

ఎందుకో నాకు తెలుసు.
మా నాన్న ఎలాదియో, అచ్చాఫీసులో కంపోజిటర్,
సైనికుల కాలంలో మంగలి కుర్చీలో కూర్చుని
ఒక కల్నల్ గురించి ఒక్క వాక్యం అన్నాడు.
నిజమే అన్నాడు.
తప్పుడు ఆరోపణ అని వాళ్ల చట్టం తేల్చింది.
సగం గడ్డంతో తీసుకుపోయారు,
నాలుగేళ్లకి నిండు గడ్డంతో వచ్చాడు.
అందుకే నాలుకకి తాళం వేద్దామని ఎవరన్నా
తాళంచెవి ఎవరి మొలలో ఉందో ముందు చూస్తాను.

ఇదంతా ఆమెకి చెప్పాను.
చివరి గుటక పీల్చి, బుర్ర మళ్లీ నింపి నాకిచ్చి, అంది:
"మీ నాన్నకి తన మాట నిజమని తెలుసు.
ఈయనకి ఏం తెలుసు?"

ఆ రాత్రి దస్త్రాల గదిలో వెతికాను.
బస్తాలు గోదాములోనే ఉన్నాయని ఆడిటరు ఉత్తరం.
సెనేటర్ ఆఫీసుకి అందినట్టు ఊదారంగు ముద్ర.
బుధవారం.

పొరపాటుకి జైలు వద్దు. కోపానికీ వద్దు.
అనుమానపడ్డవాడి నోరు నొక్కేస్తే
రేపు గోదాము తలుపు తట్టేదెవరు?
కానీ బుధవారం చదువుకుని గురువారం అరిచినవాడికి
ఒక జడ్జి ముందు ఒక చెక్క కుర్చీ,
కదిలితే కిర్రుమనేది,
వెయ్యకూడదా?
నాన్న ఉంటే వద్దనేవాడే.
ఆ వాదన ఇంకా తెగలేదు.
రాత్రిళ్లు వంటింట్లో నేనొక్కదాన్నే
రెండు గొంతులతో.

ఒలాసాబల్ ఇప్పుడు మంత్రి.
ఇర్మా నారింజ తోటల్లో కూలీలకి వండుతోందని విన్నాను.

రిటైరయ్యే ముందురోజు
నూట పద్దెనిమిదో పేజీ తెరిచాను.
పేరు దిద్దలేదు,
దిద్దితే ఆ దొంగ ఆమే అవుతుంది.
అంచున, పెన్సిలుతో, ఒక్క గుర్తు గీశాను.
బుధవారం.

సభ రికార్డు మీద చెయ్యి చేసుకోవడం నేరం.
ఆ సెక్షన్ నాకు కంఠతా వచ్చు.
దానికి శిక్ష ఉంది.